ఫైబర్ పెట్టె మూత వేయగానే పవర్ పడిపోతోందంటే అతుకు తప్పు కాదు

స్తంభం మీది ఇంటర్నెట్ ఫైబర్ పెట్టెలో అతుకు వేశాక, మూత తెరిచి ఉంటే ఇంటి దగ్గర వెలుగు పవర్ మైనస్ 20 డీబీఎం, బిగించాక మైనస్ 29, మోడెమ్‌లో ఎర్ర లైటు అంటున్నారు కదా, అయితే లోపల ఫైబర్ ఎక్కడో మూత కిందో ట్రే అంచునో నలుగుతోంది. అతికే మెషీన్ చూపించిన 0.02 డీబీ నష్టం నిజమే అయ్యుంటుంది, మళ్లీ కోసి అతకకండి.

1. స్ప్లిటర్ (ఒక ఫైబర్ వెలుగును చాలా ఇళ్లకు పంచేది) పోర్టు నుంచి డ్రాప్ కేబుల్ (మీ ఇంటికి వెళ్లే ఫైబర్) విప్పి, మూత మళ్లీ బిగించండి. వెలుగు వస్తున్న లైనుకి ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి వెలుగు పంపి నష్టం ఎక్కడుందో చూపే పరికరం) పెట్టొద్దు.

2. ఇంటి వైపు నుంచి ఓటీడీఆర్‌తో 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో ఒకసారి, 1550లో ఒకసారి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. 1310 ఒక్కటే చూసి లైను బాగుందనుకుని స్తంభం దిగేస్తారు (నేనూ దిగినవాణ్ణే, మళ్లీ ఎక్కాను). అతుకు నష్టం రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటుంది, వంపు వల్ల పోయేది మాత్రం 1550లో బాగా పెరుగుతుంది. ఇంటికొచ్చే వెలుగు 1490 కాబట్టి 1310 రీడింగ్ మిమ్మల్ని మోసం చేస్తుంది.

3. తేడా కనిపించిన చోట చుట్టు వదులు చేయండి. జీ.657ఏ2 (వంపు తట్టుకునే రకం) ఫైబర్ 7.5 మి.మీ. వ్యాసార్థం దాకా తట్టుకుంటుంది, పాత జీ.652కి 30 కావాలి. ఏదో తెలియకపోతే 30 అనుకోండి.

4. డ్రాప్ మళ్లీ పెట్టి, మూత బిగించాకే 1490లో పవర్ కొలవండి. మైనస్ 20 దగ్గరికి రావాలి.