గ్రాఫు బాగుంటే సరిపోదు, సంధ్యా

అమ్మా సంధ్యా,

విజయనగరం నుంచి నువ్వు పంపిన ప్రాజెక్టు ఫైలు మొత్తం చదివాను. చిన్న యాంటెన్నాకి మెటామెటీరియల్‌తో, అంటే బోర్డు మీద చిన్న చిన్న రాగి రింగులు పేర్చి, బ్యాండ్‌విడ్త్ (అది పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పు) పెంచాలన్న ఆలోచన మంచిదే. కానీ ఫైలు నిండా ఎస్11 గ్రాఫులే, అంటే పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపేవే. లోపలికెళ్ళిన దాంట్లో ఎంత నిజంగా ప్రసారమవుతోందో చెప్పే ఎఫిషియన్సీ ఊసే లేదు. నాకు టెన్షన్ అక్కడే.

మంచి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌ని (పవర్‌ని మింగేసే రెసిస్టర్‌ని) ఎస్11 కొలిచే వీఎన్ఏ పరికరానికి తగిలించి చూడు. ఎస్11 బ్యాండంతా -10 డీబీకి చాలా కిందే ఉంటుంది. అయినా అది ప్రసారం చేసేదేమీ లేదు, పవరంతా వేడైపోతుంది. నువ్వు వాడుతున్న ఎఫ్ఆర్-4 బోర్డు లాస్ టాంజెంట్ (పవర్‌ని వేడిగా పోగొట్టే గుణానికి కొలత) సుమారు 0.02, అంటే ఎక్కువే. రింగులు రెజొనెన్స్‌లో (తమ సొంత ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా స్పందిస్తూ) ఉన్నప్పుడు వాటి దగ్గర ఫీల్డ్ బాగా పెరుగుతుంది, దాంతో పాటే ఈ నష్టమూ పెరుగుతుంది. కాబట్టి పెరిగిన బ్యాండ్‌విడ్త్‌లో ఎంత వేడిగా పోతోందో ముందు తేల్చు. ప్రతి గ్రాఫు పక్కనా గెయిన్ (ఒక దిక్కుకి ఎంత బలంగా పంపుతోందో), ఎఫిషియన్సీ పెట్టు. రింగులు లేని మామూలు ప్యాచ్‌ని (చదునైన రాగి పలక యాంటెన్నాని) కూడా అదే బోర్డు మీద చేయించి పోల్చు.

భౌతిక శాస్త్రవేత్త జాన్ పెండ్రీ బృందం 1999లో చెప్పిన స్ప్లిట్ రింగ్, అంటే నువ్వు వాడిన చీలిక ఉన్న రింగు, స్వతహాగా నారో బ్యాండ్‌దే. రింగు ఇండక్టర్‌లా, చీలిక కెపాసిటర్‌లా పనిచేస్తాయి. దాని రెజొనెన్స్ ప్యాచ్ రెజొనెన్స్ పక్కన పడి, రెండూ కలిస్తేనే బ్యాండ్ వెడల్పవుతుంది. అందుకే రింగుని ముందు విడిగా సిమ్యులేట్ చెయ్యి. ఎన్ని రింగులు పెట్టినా, ఎఫిషియన్సీ పోగొట్టుకోకుండా, 1948లో ఎల్.జె. చూ అనే శాస్త్రవేత్త చెప్పిన పరిమితి దాటలేం. సైజు తగ్గితే బ్యాండ్‌విడ్త్ తగ్గక తప్పదు, మెటామెటీరియల్ మనల్ని ఆ హద్దుకి దగ్గర చేస్తుందంతే.

కొలిచేటప్పుడు కేబుల్‌ని చేత్తో పట్టుకుని చూడు. గ్రాఫు కదిలిందంటే కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమైపోయినట్టే. గ్రౌండ్ (బోర్డు మీది రాగి ఆధార పొర) చిన్నదైతే ఇది మామూలే. కనెక్టర్ దగ్గర కేబుల్‌కి, దాని పైన పారే కరెంటుని ఆపే ఫెర్రైట్ పూస ఒకటి తొడుగు.

కళింగపట్నం పడవల మీద పెట్టాలనుకుంటున్నావు కదా, చీలికల్లో ఉప్పు తేమ చేరితే రెజొనెన్స్ వేరే ఫ్రీక్వెన్సీకి జరిగిపోతుంది, నష్టం పెరుగుతుంది. పైన కోటింగ్ తప్పనిసరి. కోటింగ్ వల్ల కూడా ఫ్రీక్వెన్సీ కాస్త కిందికి దిగుతుంది కాబట్టి దాన్ని డిజైన్‌లోనే కలుపు.

ఈసారి శ్రీకాకుళం వచ్చినప్పుడు రెండు బోర్డులూ తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య