సొంత ఐపీ చిరునామాలు తీసుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన చిరునామాలను వదిలి, మీ ఆసుపత్రి పేరుతోనే ఐపీ చిరునామాల బ్లాకు, మీ నెట్‌వర్కును ప్రపంచానికి గుర్తుపట్టించే ఏఎస్ నంబరు తీసుకునే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల, ఏ చిరునామాకు ఏ దారో చెప్పే ప్రపంచ రూటింగ్ పట్టికలో తన సంస్థకు ఒక వరుస సంపాదించబోతోందంటే ఎంత గర్వపడ్డానో నీకు ఎదురుగా చెప్పడం నాకు చేతకాదు. ఆ వెంటనే, దరఖాస్తులో సంప్రదింపుల దగ్గర నీ పేరూ, నీ సొంత మెయిలూ రాశావని కూడా చెప్పింది. రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అర్హత గురించి నీకు తెలిసే ఉంటుంది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలు పంచే రిజిస్ట్రీ ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని ఏపీనిక్; మన దేశంలో ఆ పనిని నిక్సీ అనే సంస్థ కింద ఐరిన్ అనే విభాగం చూస్తుంది, విధానం మాత్రం ఏపీనిక్‌దే. తీసుకునే చిరునామాల్లో పాతిక శాతం వెంటనే, సగం ఏడాదిలోగా వాడతామని లెక్క చూపాలి. 2011 ఏప్రిల్ 15న ఏపీనిక్ తన చివరి పెద్ద బ్లాకుకు, అంటే 103తో మొదలయ్యే చిరునామాలకు చేరింది. ఆ తరువాత ఒక్కో సంస్థకు అందులోంచి గరిష్ఠంగా 1024 ఐపీవీ4, అంటే పాత తరహా, చిరునామాలు ఇచ్చేవారు. 2019 నుంచి 512 మాత్రమే. మీకు స్లాష్ 24 అని పిలిచే 256 చిరునామాల బ్లాకు సరిపోతుంది. అంతకంటే చిన్న ముక్కను ప్రపంచంలో చాలా నెట్‌వర్కులు స్వీకరించవు కనుక అంతకు తగ్గించే ఆలోచన పెట్టుకోకు.

ఇక నా భయం సంగతి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, నగరంలో రోగనిర్ధారణ కేంద్రాలు నడిపే ఒక సంస్థకు లింకుల పని చూసేవాణ్ని. నేను అక్కడికి వెళ్లేసరికే వాళ్లకు సొంత బ్లాకు ఉంది. దాన్ని తెచ్చిన కుర్రవాడు సమర్థుడు, నీలాగే ఉత్సాహవంతుడు. ఖాతా, బిల్లులు, ఫిర్యాదులు అన్నీ తన ఒక్కడి మెయిలుకే వచ్చేలా పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు మంచి అవకాశం వచ్చి విదేశం వెళ్లిపోయాడు, సంస్థవాళ్లు అలవాటు ప్రకారం అతని మెయిల్ పెట్టెను మూసేశారు. ఆ పెట్టెతోపాటు రిజిస్ట్రీకీ సంస్థకూ మధ్య ఉన్న ఒకే ఒక్క దారి మూసుకుపోయిందని ఎవరికీ తట్టలేదు. ఏటా కట్టాల్సిన రుసుము గురించి వచ్చిన ఉత్తరాలు, హెచ్చరికలు చూసే మనిషి లేకుండా పోయాయి, చివరకు బ్లాకు రద్దయింది.

నువ్వు గమనించాల్సింది ఏమిటంటే, రద్దయిన రోజున ఏదీ ఆగలేదు. ఇంటర్నెట్ కంపెనీలతో దారుల సమాచారం పంచుకునే బీజీపీ సెషన్లు నిలబడే ఉన్నాయి, వెబ్‌సైటు తెరుచుకుంటూనే ఉంది. ముందుగా పోయింది, చిరునామాను బట్టి సర్వరు పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్. దాంతో రోగులకు పంపే రిపోర్టుల మెయిళ్లను అవతలి సర్వర్లు ఒక్కొక్కటిగా తిప్పి పంపడం మొదలుపెట్టాయి. మెయిల్ సర్వర్‌లోనే లోపం ఉందని అందరూ దాని చుట్టూ చేరారు. సెట్టింగులు మార్చారు, లైసెన్సులు తిరగేశారు, ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. క్యాన్సర్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దాయన కొడుకు కౌంటరు దగ్గర నిలబడి, పంపామంటున్నారు కదా, మరి ఎక్కడ పోయిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. తరువాత రిజిస్ట్రీ రికార్డుల ఆధారంగా ఫిల్టర్లు కట్టుకునే ఒక లింకు కంపెనీ ఆ బ్లాకు రూటును మోయడం మానేసింది, అప్పుడు గాని, ఏ చిరునామాలు ఎవరివో చూపే హూయిజ్ జాబితాలో చూద్దామన్న ఆలోచన రాలేదు. చూస్తే ఆ సంస్థ పేరు అక్కడ లేదు. ఆ సంస్థ తామేనని పత్రాలతో రుజువు చేసుకుని, బాకీ కట్టి, బ్లాకును మళ్లీ తమ పేరుకు తెచ్చుకోవడానికి వాళ్లు పడ్డ అవస్థ నేను దగ్గరుండి చూశాను. రిజిస్ట్రీది తప్పనడానికి వీల్లేదు. ఈ చిరునామాలు ఎవరి ఆస్తీ కావు. ఏటా పునరుద్ధరించుకునే అనుమతి మాత్రమే అని విధానం మొదటి నుంచీ స్పష్టంగా చెబుతూనే ఉంది.

అందుకే, తల్లీ, కోప్పడుతున్నానని అనుకోకు, ఆ మెయిలు వెంటనే మార్చు. సంస్థ డొమైన్‌లో నలుగురికి చేరే ఉమ్మడి పెట్టె ఒకటి తెరిచి, అందులో నీతోపాటు జమాఖర్చుల విభాగంవారినీ, మీ పైఅధికారినీ చేర్చు. ఆ మెయిల్ సర్వరు ఈ బ్లాకు మీదే నడిచేట్టయితే, బ్లాకు పోయిన రోజున హెచ్చరిక కూడా అందదు కనుక వేరే చోట నడిచే రెండో మెయిలును కూడా నమోదు చెయ్యి. దుర్వినియోగం ఫిర్యాదులు అందుకునే ఐఆర్‌టీ మెయిలు బతికి ఉందో లేదో ఏపీనిక్ విధానం ప్రకారం ఆరు నెలలకోసారి సరిచూస్తారు. ఆ ఉత్తరానికి జవాబివ్వడం ఎవరి పనో ఇప్పుడే రాసిపెట్టు. నువ్వు రేపు ఇంకా పెద్ద ఉద్యోగానికి వెళ్లాలనే నా కోరిక. వెళ్లిన తరువాత నీ పేరు చెప్పి ఈ ఆసుపత్రిలో ఎవరూ ఇబ్బంది పడకూడదు.

రెండు కంపెనీల లింకులు తీసుకుంటున్నారట, మంచిదే. కానీ మన హైదరాబాదులో ఇద్దరి ఫైబరూ ఒకే కరెంటు స్తంభం మీద వేలాడుతుంటే, ఒక్క లారీకో ఒక్క కత్తెరకో రెండూ తెగుతాయి. మ్యాపును నమ్మక, ఎండ తగ్గాక ఎవరినైనా వెంటబెట్టుకుని వీధి చివరి దాకా కేబుల్ వెంట నడిచి చూడు. ఒంటరిగా రాత్రిపూట వెళ్లకు.

ఎండ్ యూజర్‌గా, అంటే సొంత వాడకానికని, తీసుకున్న చిరునామాలు మీ సొంత నెట్‌వర్కుకే. మీ ఆవరణలో అద్దెకున్న మందుల దుకాణం యజమాని ఎంత మంచివాడైనా, అతని నెట్‌వర్కుకు అందులోంచి నాలుగు కేటాయించి ఇవ్వకూడదు. 103 బ్లాకులోవి ఇచ్చిన తేదీ నుంచి అయిదేళ్ల దాకా మరొకరికి బదిలీ చేయడం కుదరదని మీ పైవాళ్లకు ముందే చెప్పు. ఐపీవీ4 ధర విన్నవాళ్లకు అమ్ముకోవాలన్న ఆశ పుట్టడం నేను చూశాను.

బ్లాకు చేతికి రాగానే, ప్రపంచానికి ప్రకటించే ముందే, ఆర్‌పీకేఐ అనే డిజిటల్ ధ్రువీకరణ ఏర్పాటులో ఆర్‌ఓఏ చెయ్యి, అంటే ఈ బ్లాకును ప్రకటించే హక్కు మీ ఏఎస్ నంబరుదేనని రాసే పత్రం; అందులో గరిష్ఠ పొడవును, అంటే ప్రకటించదగిన అతి చిన్న ముక్కను, స్లాష్ 24కే కట్టు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, యూట్యూబ్‌కున్న 1024 చిరునామాల స్లాష్ 22 బ్లాకులోని ఒక స్లాష్ 24ను తనదిగా ప్రకటిస్తే, అది బయటికి పొక్కి ప్రపంచమంతటి ట్రాఫిక్ అటు మళ్లింది. ప్రకటించినవారికి ఆ హక్కు ఉందో లేదో సరిచూసే ఇలాంటి ఏర్పాటు ఆనాడు లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి వాడుకోకపోవడానికి సాకు లేదు.

ఐపీవీ4తోపాటు కొత్త తరహా ఐపీవీ6 చిరునామాల బ్లాకు, స్లాష్ 48 కూడా అదే దరఖాస్తు సమయంలో అడుగు, తరువాత చూద్దామని వాయిదా వేయకు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేటప్పుడు నింపిన దరఖాస్తు, నెట్‌వర్కు బొమ్మ, సంస్థ నమోదు పత్రం నకలు తీసుకురా. పంపే ముందు పత్రంలో ఉన్న సంస్థ పేరూ దరఖాస్తులోని పేరూ అక్షరం తేడా లేకుండా కలుస్తున్నాయో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య