భంగిమ నుంచి మెష్ దాకా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద ఉన్న నర్తకుల భంగిమలను త్రీడీ శిల్పాలు చెక్కే సాఫ్ట్‌వేర్ జీబ్రష్‌లోని మానెక్విన్‌తో (కీళ్లు వంచగల బొమ్మతో) కూర్చుతున్నాను. చెయ్యి నడుముకు ఆనిన భంగిమను స్కిన్‌గా (పై పొరగా) మార్చి, ఆ పొరను మళ్లీ అల్లే డైనమెష్ చేయగానే అరచెయ్యి నడుములో కలిసిపోతోంది, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. రిజల్యూషన్ పెంచితే ఫైలు బరువెక్కుతోంది గానీ అతుకు విడిపోవడం లేదు. శుభ్రమైన మెష్ (చిన్న పలకల వల) రావాలంటే ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీరు భంగిమను చివరికంటా పూర్తిచేసి, ఆ తర్వాత మెష్‌గా మారుస్తున్నారు, చిక్కంతా ఈ వరుసలోనే ఉంది. మానెక్విన్ అంటే జీస్ఫియర్లనే గోళాల గొలుసు మాత్రమే. దానికి ఇంకా చెక్కదగిన ఉపరితలం ఉండదు. డైనమెష్ ఆ ఆకారాన్ని సన్నని గడులుగా విడగొట్టి, బయటి పొరను మళ్లీ అల్లుతుంది కాబట్టి, రెండు ఉపరితలాల మధ్య ఒక గడి పట్టేంత ఖాళీ కూడా లేకపోతే వాటిని ఒకే ముద్దగా లెక్కిస్తుంది. అరచెయ్యి నడుములోకి కాస్త దిగబడి ఉన్నప్పుడు అక్కడ ఖాళీ అనేదే లేదు. రిజల్యూషన్ ఎంత పెంచినా లేని ఖాళీ పుట్టదు.

అందువల్ల భంగిమను ముప్పాతిక వంతు దగ్గరే ఆపండి. చేతిని నడుముకు కొంచెం దూరంగా, వేళ్లను విప్పారినట్టుగా ఉంచండి. కీళ్లను వంచడానికి మూవ్ కంటే రొటేట్ మేలు, ఎందుకంటే జీస్ఫియర్‌ను మూవ్‌తో లాగితే ఎముక పొడవు మారిపోయి, ఒక ముంజెయ్యి రెండోదాని కంటే పొడుగ్గా తేలుతుంది. మధ్యమధ్య ‘ఎ’ మీట నొక్కి స్కిన్ ఎలా వస్తుందో చూసుకోండి. సరిపోయిందనిపిస్తే అడాప్టివ్ స్కిన్ విభాగంలో మేక్ అడాప్టివ్ స్కిన్ నొక్కండి. కొత్త మెష్ వేరే టూల్‌గా (జీబ్రష్‌లో ఒక్కో వస్తువును ఇలా అంటారు) వస్తుంది, మీ మానెక్విన్ చెక్కుచెదరదు; దాన్ని విడిగా భద్రపరచుకుంటే భంగిమ మార్చాలనుకున్నప్పుడు మళ్లీ మొదటికి వెళ్లనక్కర్లేదు.

ఇప్పుడు డైనమెష్‌ను వేళ్లు విడివిడిగా నిలిచేంత రిజల్యూషన్‌తో చేస్తే, ఒకదానిలో ఒకటి దూరి ఉన్న భాగాల లోపలి గోడలు పోయి శరీరమంతా ఒకే పొర అవుతుంది. దాని మీద కండరాల పెద్ద రూపం మాత్రమే దిద్ది, పలకలను క్రమంగా పేర్చి మెష్‌ను తిరిగి అల్లే జీరీమెషర్‌కు అప్పగించండి. నగలూ మడతలూ ఈ దశలో చెక్కితే రీమెష్‌లో కొట్టుకుపోతాయి. జీరీమెషర్‌లో టార్గెట్ సంఖ్యను వేలల్లో ఇస్తారు: 5 అంటే సుమారు 5,000 పాలిగాన్లు, అంటే మెష్‌లోని పలకలు. ఒక్కో డివైడ్‌కు (ప్రతి పలకనూ నాలుగుగా చీల్చడానికి) అది నాలుగింతలవుతుంది గనుక మూడు డివైడ్‌లకే 3,20,000కు చేరుతుంది; మొదటే ఎక్కువ అడగడం దండగ. నర్తకి భంగిమలో కుడి, ఎడమలు ఒకేలా ఉండవు కాబట్టి సిమెట్రీని ముందే ఆపేయడం మరవకండి.

మిగిలిన పావు వంతు భంగిమ ఇక్కడ పూర్తవుతుంది. చేతిని వదిలి మిగతా శరీరానికి కదలకుండా మాస్క్ వేసి, తిప్పే సాధనమైన ట్రాన్స్‌పోజ్‌తో భుజం దగ్గర తిప్పుతూ అరచేతిని నడుముకు ఆనించండి. పాలిగాన్ల అల్లిక అప్పటికే స్థిరపడింది కనుక, రెండూ తాకినా కలిసిపోవు. ఆ తర్వాత మళ్లీ డైనమెష్ జోలికి మాత్రం వెళ్లకండి. అన్నట్టు, ఆ మండపంలోని మూడు కాళ్ల భృంగిని చేయాలనుకుంటే తుంటి జీస్ఫియర్ నుంచి మూడో కాలిని లాగడం మెష్ అయ్యాక కంటే మానెక్విన్ దశలోనే ఎంతో తేలిక.

ప్రశ్న: జీబ్రష్ చందా కట్టే స్థోమత లేదు. ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో ఇలాంటిది సాధ్యమా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: సాధ్యమే. అస్థిపంజరంలా గీసుకున్న గీతల మీద, వాటికి మందం ఇచ్చే స్కిన్ మాడిఫయర్ పెట్టి, ఎడిట్ మోడ్‌లో కంట్రోల్-ఎ తో ఒక్కో బిందువు దగ్గర మందం సరిచేసుకోండి. అందులోని క్రియేట్ ఆర్మేచర్ బొత్తం నొక్కితే భంగిమ దిద్దుకోవడానికి ఎముకలు కూడా వస్తాయి. మాడిఫయర్లను అప్లై చేశాక, 2019లో వచ్చిన 2.81 వెర్షన్ నుంచి ఉన్న వోక్సెల్ రీమెష్ డైనమెష్ పని చేస్తుంది, క్వాడ్రిఫ్లో జీరీమెషర్ పని చేస్తుంది. పైన చెప్పిన ఖాళీ నియమం దీనికీ వర్తిస్తుంది. అయితే డైనమెష్‌లో అంకె పెరిగితే మెష్ చిక్కనవుతుంది, ఇక్కడ వోక్సెల్ సైజు (గడి కొలత) తగ్గితే చిక్కనవుతుంది. ఒకేసారి బాగా తగ్గిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతుంది కాబట్టి, ఫైలు సేవ్ చేసుకుని కొద్దికొద్దిగా దించండి.