సర్చు దగ్గర ఆగిపోయిన ప్రయాణం

ప్రశ్న: నా వయసు 61. ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది రాజమండ్రిలో. కాకినాడలో చదువుకున్న రోజుల నుంచీ మేం నలుగురం స్నేహితులం. ఏటా ఎక్కడికో ఒకచోటికి వెళ్లి రావడం అలవాటు. 1994లో బుల్లెట్ల మీద మనాలి నుంచి లేహ్ బయల్దేరాం. దారిలో సర్చు అనే చోట రాత్రి నాకు విపరీతమైన తలనొప్పి, వాంతులు. తెల్లారగానే నలుగురం వెనక్కి దిగిపోయాం. ఆ ప్రయాణం ఈ ఏడాది పూర్తి చేయాలనుకున్నాం. కానీ ఎనిమిది నెలల క్రితం మాలో ఒకడికి గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపులో మాట్లాడడు. ఫోన్ చేస్తే ‘తర్వాత చేస్తాలే’ అంటాడు. మిగతా ఇద్దరూ ‘వాడికి చెబితే బాధపడతాడు, చెప్పకుండా మనం ముగ్గురం వెళ్దాం’ అంటున్నారు. మా ఆవిడ ‘ఈ వయసులో అవసరమా’ అంటోంది. నాకూ మోకాలు నొప్పి ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదవగానే నా మనసు సర్చులోనే ఆగిపోయింది. దాదాపు 14 వేల అడుగుల ఎత్తు. అప్పట్లో అటల్ టన్నెల్ లేదు, రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. అంత కష్టపడి అక్కడిదాకా వెళ్లాక, ఒక్కరికి బాగోలేదని మిగతా ముగ్గురూ లేహ్ వదిలేసుకుని వెనక్కి తిరిగారు. ఆ రాత్రి మీ పక్కన ఎవరు కూర్చున్నారో మీరు రాయలేదు. ఆ ముగ్గురిలో ఇప్పుడు స్టెంట్ వేయించుకున్న ఆయన కూడా ఉన్నారు కదా! మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని నాకనిపిస్తోంది.

ముగ్గురు వెళ్లడం తప్పా అని అడిగితే, తప్పు కాదంటాను. చెప్పకుండా వెళ్లడం మాత్రం తప్పే. ఎవరో ఒకరు ఫొటో పెడతారు, ఎవరి ద్వారానో ఆయనకు తెలుస్తుంది. ‘నన్ను లెక్కలోంచి తీసేశారు’ అన్న మాట ఆయన పైకి అనరు, లోపల పెట్టుకుంటారు. నలభై ఏళ్ల స్నేహంలో అలాంటి ముల్లు దిగితే తీయడం చాలా కష్టం.

ఆయన ఎందుకు మాట్లాడటం లేదో కూడా ఆలోచించండి. గుండె జబ్బు వచ్చి తగ్గాక దిగులు పట్టుకోవడం చాలామందిలో ఉంటుంది. మెట్లెక్కితే భయం, ఎడమ చెయ్యి లాగితే భయం. మగవాళ్లకు ఇంకో ఇబ్బంది. ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని కష్టం చెప్పుకోగలరు. మీ నలుగురూ ఇన్నేళ్లలో చెప్పుకున్నదంతా బండి మీదో, టీ కొట్టు దగ్గరో, నడుస్తూనో చెప్పుకుని ఉంటారు. ఆ దారి మూసుకుపోయాక ఫోన్‌లో ఏం మాట్లాడాలో ఆయనకు తోచడం లేదు. ‘ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడిగితే ‘బానే ఉంది’ అంటారు. అక్కడితో సరి.

మా నాన్నగారూ, ఆయన స్నేహితుడూ ఏటా శివరాత్రికి సైకిళ్ల మీద ద్రాక్షారామం వెళ్లేవారు. స్నేహితుడికి చూపు తగ్గాక నాన్న ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని తొక్కారు. తనకూ ఓపిక తగ్గాక ఇద్దరూ బస్సెక్కారు. బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకునేవారు. నాకు బాగా గుర్తు.

ఇక లద్దాఖ్ సంగతి. లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తున ఉంటుంది. మన దగ్గరి గాలితో పోలిస్తే అక్కడ అందే ఆక్సిజన్ మూడింట రెండు వంతులే. మనాలి దారిలో తంగ్లాంగ్ లా అనే కనుమ 17 వేల అడుగులు దాటుతుంది. పైగా స్టెంట్ వేశాక మొదటి ఏడాది మామూలుగా రక్తం గడ్డకట్టకుండా మందులు వాడతారు. బండి మీంచి పడి దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగదు. కాబట్టి ఈ ఏడాది ఆయన్ని బలవంతపెట్టొద్దు. ‘ఏం కాదు రా, వచ్చెయ్’ అనే ధైర్యం అసలే వద్దు. వచ్చే ఏడాది గుండె డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి సరేనంటే, కారులో శ్రీనగర్ మీదుగా వెళ్లొచ్చు. కార్గిల్‌లో ఆగి, లేహ్ చేరాక రెండు మూడు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఉండాలి. మీకు ఒకసారి ఎత్తు పడలేదు కాబట్టి మీరూ డాక్టర్ని అడగాల్సిందే. ఎత్తు జబ్బుకు దేహదారుఢ్యంతో సంబంధం లేదు.

మీ ఆవిడ మాటను అడ్డంకిగా తీసుకోకండి. 1994లో మీరు తిరిగొచ్చేదాకా ఆమె ఎంత టెన్షన్ పడ్డారో ఎప్పుడైనా అడిగారా? ఒకసారి అడిగి చూడండి.

ఈ ఏడాదికి నా మాట వినండి. చలికాలంలో మారేడుమిల్లి మీదుగా లంబసింగి వెళ్లండి. మూడు వేల అడుగులకు కాస్త అటూ ఇటూ ఎత్తు. తెల్లవారుజామున మంచు, చలి మంట, మీకు కావలసినంత కబుర్లు. ఓపికున్నవాళ్లు బుల్లెట్ మీద, మిగతావాళ్లు వెనక కారులో. దీనికీ ఆయన డాక్టరు సరేనన్నాకే బయల్దేరండి. ఆ ఇద్దరికీ లద్దాఖ్ వెళ్లాలనే ఉంటే వెళ్లనివ్వండి, కానీ ఆయనకు వాళ్లే స్వయంగా చెప్పాలి.

ముందు మీరు ఒక్కరే ఆయన ఇంటికి వెళ్లండి. వాళ్ల ఆవిడకు ముందే చెప్పి, ఆయన వాకింగ్‌కు వెళ్లే వేళకు. రెండు రోజులు అలా పక్కన నడవండి, ట్రిప్పు మాట ఎత్తకుండా. మూడో రోజు ‘ఒరేయ్, లంబసింగికి దారి నువ్వే చూసిపెట్టు’ అనండి.

ఇంకొకటి. ఇంత ఉత్తరంలో మీ మోకాలి గురించి ఒక్క ముక్కే రాశారు, అదీ చివర్లో. మీ స్నేహితులెవరికీ ఆ సంగతి చెప్పి ఉండరు. నడుస్తున్నప్పుడు ముందుగా అది ఆయనకు చెప్పండి.