సిగ్నేచర్ ఎలక్ట్రిక్ గిటార్ మళ్లీ అమ్మితే ధర దేన్ని బట్టి వస్తుంది?

మీ ప్రశ్న ఇది: 1990 ప్రాంతపు ఫెండర్ కంపెనీ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ పేరుతో చేసిన స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఉంది, పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) మార్పించారు, బాడీ మీద వేరే గిటారిస్టు సంతకం ఉంది, అమ్మే ముందు ఏం చేయాలి, ఎంత రావచ్చు. గిటార్ చూడకుండా అంకె చెప్పడం కుదరదు. ధరను పెంచేవీ తగ్గించేవీ ఏవో మాత్రం గట్టిగా చెప్పగలను.

"సిగ్నేచర్" అన్న ఒక్క మాట కింద మూడు రకాల సరుకు అమ్ముడవుతుంది. కళాకారుడు తానే వాయించిన గిటార్ ఒకటి, లెక్క కట్టి కొన్నే చేసిన లిమిటెడ్ ఎడిషన్ రెండోది, పేరు పెట్టి ఫ్యాక్టరీ ఏటా చేసే మామూలు మోడల్ మూడోది. క్లాప్టన్ వాడిన 'బ్లాకీ' 2004లో క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లకు పోయింది. దాని నకళ్లు 275 మాత్రమే ఫెండర్ కస్టమ్ షాప్ 2006లో చేసింది. మీ దగ్గరున్నది 1988లో మొదలైన మూడో రకం. వేలం వార్తలు చదివి మూడో రకానికి ధర పెట్టినవాళ్ల ప్రకటనలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి.

మూడో రకానికి ఒక పైకప్పు ఉంటుంది: అదే మోడల్ కొత్తది దొరుకుతున్నంత కాలం పాతదాని ధర కొత్తదాన్ని దాటడం కష్టం. దాటాలంటే పాతదాంట్లో ఇప్పుడు దొరకనిది ఏదో ఉండాలి. మోడల్ ఆగిపోయినప్పుడు లెక్క మారుతుంది. గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ పేరుతో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ చేసిన గిటార్ 1991 నుంచి 1995 వరకే వచ్చింది. ఆయన ఆ కంపెనీని వదిలేశాక దాదాపు అదే గిటార్ 'యాక్సిస్' పేరుతో కొనసాగింది. వాయించేవాడికి పెద్ద తేడా లేదు, కలెక్టర్ మాత్రం ఎడ్డీ పేరున్నదానికే ఎక్కువ ఇస్తాడు. ఐబనేజ్ కంపెనీ 1987లో గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం లాక్‌నెస్ గ్రీన్ రంగులో చేసిన జెమ్ 777 గిటార్లు 777 మాత్రమే, నంబరు వేసి ఆయన సంతకం చేసినవి. అదే ఆకారంలో చవక జెమ్‌లు తర్వాత ఎన్ని వచ్చినా దాని ధర చెక్కుచెదరలేదు. చవక వెర్షన్ దెబ్బ తగిలేది మధ్య రకాలకే.

ఇక మీ గిటార్. 1988 నుంచి 2001 వరకు వచ్చిన క్లాప్టన్ స్ట్రాట్‌లలో లేస్ సెన్సర్ పికప్‌లు ఉంటాయి. తర్వాతివాటిలో వింటేజ్ నాయిస్‌లెస్ వేశారు. కళ్లతోనే గుర్తుపట్టొచ్చు: లేస్ సెన్సర్ కవరు మీద ఒక్కో తీగ కింద ఉండే గుండ్రటి లోహపు ముక్కలు కనిపించవు, నున్నగా ఉంటుంది. కాబట్టి మీరు మార్పించిన పికప్‌లు ఎంత ఖరీదైనవైనా కొనేవాడికి అవి 'మార్పు' కిందే లెక్క. మంచి పికప్ వేశాను కదా, ఇంకాస్త ఎక్కువ అడుగుతాను అనే వాదన ఈ బజారులో చెల్లదు. పాతవి డ్రాయరులో ఉంటే సగం సమస్య తీరినట్టే. పారేసి ఉంటే అదే కాలపు లేస్ సెన్సర్ గోల్డ్ సెట్ వెతకండి. దొరికితే "అదే రకం పికప్‌లు, ఈ గిటార్‌తో వచ్చినవి కావు" అని ప్రకటనలో రాయాలి. దాచితే టంకం చూసి పట్టేస్తారు.

తిరిగి వేయించే ముందు తీగలు తీసి, పిక్‌గార్డ్ (బాడీ ముందు వైపు పికప్‌లు బిగించిన ప్లాస్టిక్ పలక) మరలు విప్పి, దాన్ని మెల్లగా పైకెత్తి వైరింగ్‌ను నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. ఈ మోడల్‌లో మిడ్ బూస్ట్ సర్క్యూట్ ఉంటుంది, మధ్య స్థాయి శబ్దాన్ని 25 డెసిబెల్స్ వరకు పెంచుతుంది, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. చాలా షాపుల్లో పికప్ మార్చేటప్పుడు ఈ సర్క్యూట్ అర్థంకాక పీకేసి మామూలు స్ట్రాట్ వైరింగ్ చేసేస్తారు. బోర్డు పోయిందంటే పికప్‌లు పోయినదానికన్నా పెద్ద నష్టం, ఈ గిటార్‌కు ప్రత్యేకత తెచ్చేదే అది. అలాగే పొటెన్షియోమీటర్ల (వాల్యూమ్, టోన్ బిరడాల కింద ఉండే భాగాలు) వెనక అంకెలు చూడండి. 137 అంటే సీటీఎస్ కంపెనీ. ఆ తర్వాత నాలుగు అంకెలుంటే మొదటి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. 1378932 అంటే 1989లో 32వ వారం. ఆ తేదీ గిటార్ కన్నా కొన్ని నెలలు వెనక ఉండటం మామూలే. గిటార్ కన్నా కొత్తదైతే మాత్రం ఎవరో మార్చారన్నమాట. పాత టంకం మసకగా, ఒకే తీరుగా ఉంటుంది. కొత్తది మెరుస్తూ, చుట్టూ ఫ్లక్స్ (టంకం పట్టడానికి వాడే పదార్థం) మరకతో ఉంటుంది. బ్యాటరీ తీసి పెట్టండి, కారితే బోర్డును తినేస్తుంది.

సంతకం గురించి మీకు నచ్చని మాట చెప్పాలి. క్లాప్టన్ మోడల్ మీద మరో గిటారిస్టు సంతకం అంటే ఎక్కువమంది కలెక్టర్లకు అది మరక. గిటారిస్టు జిమ్మీ పేజ్ పేరుతో గిబ్సన్ కంపెనీ చేసిన లెస్ పాల్ మోడల్ 2004 ఎడిషన్‌లో మొదటి 25 గిటార్లు ఆయన వాయించి, సంతకం చేసి ఇచ్చినవి. ఆ సంతకానికి కంపెనీ కాగితం తోడుంది. మార్కర్‌తో కచేరీ తర్వాత చేయించుకున్నదానికి సంతకం చేస్తున్నప్పటి ఫొటో అయినా లేకపోతే కొనేవాడు దాన్ని సున్నా కింద వేసుకుంటాడు. మీ గిటార్ పూత పాలీయురెథేన్ కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా గుడ్డకు అద్ది, ముందు కనపడని మూల పరీక్షించి తుడిస్తే చాలావరకు పోతుంది. నైట్రో సెల్యులోజ్ పూత ఉన్న గిబ్సన్‌ల మీద మాత్రం ఈ పని చేయకండి, పూత దెబ్బతినొచ్చు. అసలు సంతకం చేయించాలంటే విడి పిక్‌గార్డ్ మీద చేయించి, అసలుదాన్ని కేస్‌లో దాచుకోవడం మేలు.

ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్ములు) ఈ మోడల్‌లో ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే మెడ మేపుల్ కర్రది, ఫింగర్‌బోర్డ్ మీద కూడా పూత ఉంటుంది. రోజ్‌వుడ్ బోర్డ్‌కి ఫ్రెట్లు మార్చడం తేలిక. ఇక్కడ పూత చిట్లకుండా తీసి వేయాలి, ఖర్చు ఎక్కువ. అందుకే అరుగుదల ఉంటే మీరే మార్పించకుండా, ఎంత అరిగిందో ఫొటోల్లో చూపి ధర తగ్గించడం నయం. పని బాగా రాకపోతే రెండు విధాలా నష్టపోతారు.

గిబ్సన్ రకాల్లో ఇంకో గండం హెడ్‌స్టాక్ (మెడ చివర తీగల బిరడాలుండే భాగం) విరగడం. ఎంత బాగా అతికించినా, శబ్దంలో తేడా లేకపోయినా, ధర దాదాపు సగానికి పడిపోతుంది. అతుకు, తిరగవేసిన రంగు చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే బయటపడతాయి: పాత నైట్రో పూత పచ్చగా మెరిస్తే, కొత్తగా కొట్టిన చోటు నల్లగా వేరే మచ్చలా కనిపిస్తుంది. నకిలీ లెస్ పాల్‌లూ బజారులో చాలానే ఉన్నాయి. హెడ్‌స్టాక్ మీద ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) మూతకు మూడు మరలుంటే అనుమానించండి, గిబ్సన్‌కు రెండే.

రోజ్‌వుడ్ బోర్డ్ ఉన్న గిటార్‌ను విదేశానికి పంపేవాళ్లకు ఒక మాట. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నీ సైటీస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) నిబంధనల్లోకి వచ్చాయి. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు దొరికింది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఈ మినహాయింపు లేదు. మీది మేపుల్ కాబట్టి ఆ బెడద లేదు.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉన్నవాళ్ల గిటార్లకు ఫ్రెట్లు, బ్రిడ్జి మరలు తుప్పు పట్టడమే ఎక్కువ ధర పోగొడుతుంది. కేస్‌లో సిలికా జెల్ సంచులు, చిన్న హైగ్రోమీటరు పెట్టి తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచండి. నైట్రో పూత గిటార్‌ను రబ్బరు తొడుగున్న స్టాండ్ మీద వదలొద్దు, రబ్బరు పూతను తినేస్తుంది. నియాన్ రంగు జెమ్‌లను ఎండ తగిలే గోడకు తగిలిస్తే రంగు వెలిసిపోతుంది, మళ్లీ రాదు.

ధర పెట్టేటప్పుడు ప్రకటనల్లో అడిగిన ధరలు చూడకండి, రివర్బ్ (వాద్యాలు అమ్మే వెబ్‌సైటు) లాంటి చోట్ల నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. మీ సంవత్సరం, మీ రంగు, మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న నాలుగైదు చాలు. అమెరికా ధరను రూపాయల్లోకి మార్చి అడగొద్దు. ఇక్కడ కలెక్టర్లు కొద్దిమందే, దిగుమతి సుంకంతో కొత్తది ఎంత పడుతుందో వాళ్లకు బాగా తెలుసు. అసలు కేస్, సర్టిఫికెట్, ట్యాగ్‌లు, తీసిన పికప్‌లు, పాత నట్టు (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ), చివరికి అలెన్ కీ కూడా ఒకే సంచిలో వేసి, హెడ్‌స్టాక్ మీది సీరియల్ నంబరుతో పాటు ఫొటో తీయండి. కొరియర్‌లో పంపితే తీగలు ఒకటి రెండు శ్రుతులు వదులు చేసి, కేస్ లోపల హెడ్‌స్టాక్ చుట్టూ మెత్త కుక్కండి. దారిలో దెబ్బ తగిలితే మొదట విరిగేది అక్కడే.