తిరుమలగిరి మిలిటరీ ఆసుపత్రిలో స్నేహితుణ్ణి చూడాలంటే

మోకాలి ఆపరేషన్ అయిన మీ స్నేహితుడు, మాజీ హవల్దారు, సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నారని, సైన్యంతో సంబంధం లేని మిమ్మల్ని లోపలికి రానిస్తారా అని అడిగారు. చూసే వేళల్లో మామూలుగా రానిస్తారండీ. కాకపోతే అది కంటోన్మెంటు, అంటే సైన్యం ఉండే ప్రాంతం. గేటు దగ్గర జవానుకు “మా స్నేహితుడు” అని చెబితే చాలదు. రోగి పూర్తి పేరు, హోదా, వార్డు చెప్పాలి. అవి ముందే వారి ఇంట్లోవాళ్లకు ఫోను చేసి కనుక్కోండి. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. లోపల ఫొటోలు మాత్రం వద్దు.

ఇంకొకటి. మాజీ సైనికులకు 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ పథకం కింద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ వైద్యం చేయిస్తారు. ఆయన్ను ఎక్కడికైనా మార్చారేమో బయలుదేరే రోజు మళ్లీ అడగండి. ఈ ఎండల్లో ఎల్బీనగర్ నుంచి తిరుమలగిరి దాకా వృథా ప్రయాణం ఎందుకు?

షుగరు ఉందో లేదో తెలియకుండా మిఠాయి డబ్బా కొనకండి. ఆ రోజు తెలుగు పేపరు తీసుకెళ్లండి, మంచం మీద ఉన్నవారికి అంతకు మించిన కాలక్షేపం లేదు. సరిహద్దు కబుర్లు మీరుగా కదపకండి, ఆయన ఎత్తుకుంటే వినండి. నడిపించడానికి ఫిజియోథెరపిస్టు వస్తే మాత్రం మొహమాటపడకుండా లేచి వచ్చేయండి. మన ముందు నొప్పి దాచుకోవాలని చూస్తారు ఈ ఫౌజీలు.