సున్నకి ఏ నోరు గీయాలి?

సందేహం: కార్టూన్ పాత్రలకు మాటకి తగ్గట్టు నోరు కదిలించడం నేర్చుకుంటున్నాను. దీన్ని తెలుగులో 'పెదవి కలపడం' అనవచ్చా? మా క్లాసులో ఇచ్చిన నోటి బొమ్మల చార్టు ఇంగ్లీషు అక్షరాలతో ఉంది. అందులో ఎం, బి, పి మూడింటికీ కలిపి ఒక మూసిన నోరు ఉంది కానీ మన సున్నకి ఏమీ లేదు. దానికి ఏ నోరు గీయాలి?

సమాధానం: మాట కలిపితే పరిచయం, చెయ్యి కలిపితే పొత్తు, గొంతు కలిపితే వంతపాట. ఈ వరసలో పెదవి కలిపితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, అందులోనూ మీరు తీసేది పిల్లల బొమ్మ అయితే ఆ మాట జోలికి పోకండి. 'ఓష్ఠ సమకాలీకరణం' అని ఎవరైనా ఇస్తే అదీ పుచ్చుకోకండి, దాన్ని పలికేసరికి మన నోరే తప్పుతుంది. లిప్ సింక్ అంటే అందరికీ తెలుస్తోంది, అలాగే ఉండనివ్వండి. తెలుగే కావాలంటే 'నోటి పొందిక' అనవచ్చేమో, పట్టుబట్టను.

కానీ పెదవి మాట ఎత్తారు కాబట్టి నన్ను ఆపడం కష్టం. పెదవికి మనకి మోవి ఉంది, సంస్కృతం నుంచి ఓష్ఠం, అధరం ఉన్నాయి (అధరం అసలు కింది పెదవే, ఇప్పుడు రెండిటికీ వాడేస్తున్నారు). వీటన్నిటికన్నా నాకు ముద్దొచ్చే మాట వాతెర. వాయి అంటే నోరు, తమిళంలో ఇప్పటికీ వాయ్, కన్నడంలో బాయి. వాయికి తెర వాతెర. ఎంత బాగా చూశాడండీ ఆ మాట పుట్టించినవాడు! నోటి ముందు వేలాడే తెర, మాట వచ్చినప్పుడల్లా లేస్తుంది, పడుతుంది. మీరు గీసేది సరిగ్గా అదే. ఇంటికి నోరు వాకిలి, అదీ ఈ కుటుంబంలోదే. నోరు విడిచి ఏడవడం వాపోవడం. పాపం ఆ మాటని మన పత్రికలు అరగదీశాయి, రోడ్డు మీద గుంత ఉందని చెప్పినవాడు కూడా 'వాపోయాడు' అని రాస్తారు, వాడు మామూలుగా చెప్పి ఉంటాడు. ప్రబంధ కవులు మాత్రం వాతెరని నాయికలకే అంటగట్టి తేనెలూ పగడాలూ పూశారు తప్ప, అది తెర అన్న సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

ఇక సున్న. అది రాతలో ఒకటే, నోట్లో ఒకటి కాదు. పక్క అక్షరాన్ని బట్టి నడుస్తుంది. 'పంపు', 'అంబ' అంటే పెదవులు మూసుకుంటాయి, 'అంత', 'గంట', 'వంకాయ' అంటే మూసుకోవు, పనంతా లోపల నాలుకది. పదం చివర, అంటే 'పుస్తకం' అని ఆగితే, మళ్లీ మూత. 'సింహం'లో చాలామంది రెండు సున్నలకీ మూస్తారు. కాబట్టి రాత చూసి గీయొద్దు, అద్దం ముందు పలికి గీయండి.

అభ్యాసానికి పోతనగారిని తెచ్చుకోండి. 'పలికెడిది భాగవతమట' పదకొండు అక్షరాలు, అందులో ప, భా, మ దగ్గర మూడే మూతలు. 'వ' దగ్గర పెదవి దగ్గరికొస్తుంది గానీ మూసుకోదు. మీ చార్టులో ఎఫ్, వి అక్షరాలకి పై పళ్లు కింది పెదవి మీద నొక్కినట్టు ఉంటుంది చూడండి, దాన్ని 'వ'కి అతికిస్తే భాగవతం చెప్పేవాడు పెదవి కొరుక్కున్నట్టు ఉంటుంది. 'రామభద్రుండట' ఇంకా మంచి పరీక్ష: మ మూత, భ మూత, ఆ వెంటనే 'ద్రుం'లో పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి, సున్న మాత్రం మూయదు, పక్కన డ ఉంది కదా. సెకనుకి 24 ఫ్రేములలో మిగతా నోళ్లు కాస్త అటూ ఇటూ అయినా చూసేవాడు క్షమిస్తాడు, ప బ మ లకి మూయకపోతే మాత్రం చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. మూసిన నోటిని రెండు ఫ్రేములైనా నిలపమని ఆ పని తెలిసినవాళ్లు అంటారు. డబ్బింగ్ మాటలు రాసేవాళ్ల తిప్పలూ ఇవే, తెర మీద పెదవి మూసుకున్నచోట పవర్గం పడేలా మాట వెతుక్కుంటారు.

చిక్కల్లా 'ఫ'తో. అది పవర్గంలోది, 'ఫలం' అంటే పెదవులు రెండూ కలిసి విడిపోవాలి. కానీ ఈరోజు టీవీలో వార్తలు చదివేవాళ్లతో సహా ఎవరు పలుకుతున్నారు అలా? అందరికీ ఇంగ్లీషు ఎఫ్ అయిపోయింది. నాకు కష్టంగానే ఉంటుంది. అయినా మీ పాత్రకి గొంతు ఇచ్చినవాళ్లు పంటితో పలికితే మీరు పన్నే గీయాలి, నా బాధ కోసం పెదవి మూస్తే బొమ్మ నత్తివాడిలా ఉంటుంది. రికార్డింగుకి ముందే ఆ గొంతువాళ్లని పట్టుకుని ఒక్క 'ఫలితం' సరిగ్గా చెప్పించగలిగితే మాత్రం ఆ ముక్క నాకూ చూపించండి.